హామీ పత్రం లేని ఇంట పరిశ్రమ: జంషెడ్‌పూర్ పరిసరాల నుంచి ఒక పాఠం

మహిళలకు ఋణం ఇవ్వడం ఎట్లా అన్న విషయం మీద ఎన్నో వ్యాసాలు వచ్చినవి. మొదటి ఋణం తీర్చిన మహిళ తన పరిశ్రమను రెండవ మెట్టుకు ఎట్లా తీసుకుపోవాలి అన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. పది వేలతో మొదలైన పని పది లక్షల పని కావడానికి మధ్య ఒక పెద్ద అగాధం ఉన్నది. ఆ అగాధం ఎక్కడ ఉన్నదో, దానిని దాటడానికి పరిశ్రమ నడిపే మహిళ ఏమి చేయాలో, బ్యాంకు శాఖ ఏమి చేయాలో పరిశీలించడానికి మనం ఈసారి మన రాష్ట్రాల సరిహద్దు దాటి జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌కు పోదాము.

ఈ ఊరిని ఎంచుకొనడానికి కారణం కలదు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడినది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద సాక్చి అనే చిన్న గ్రామం పక్కన కర్మాగారం వెలసి, 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైనది. 1919లో ఆ పట్టణానికి జంషెట్జీ టాటా పేర జంషెడ్‌పూర్ అని నామకరణం జరిగినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి, గంజాం నుంచి తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడికి పనికి వెళ్ళి స్థిరపడ్డాయి. ఈ పత్రిక చదివేవారిలో ఉత్తరాంధ్ర వారికి టాటానగర్ స్టేషన్ పేరు కొత్త కాదు. చాలా ఇండ్లలో ఒక మేనమామో, ఒక పెదనాన్నో ఆ స్టేషన్‌లో దిగినవారే.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. పట్టణంలోని భూమిలో చాలా భాగం ప్రభుత్వం కంపెనీకి కౌలుకు ఇచ్చినది. కార్మికుని కుటుంబం ఉండేది కంపెనీ క్వార్టరులో. ఆ ఇంట్లో ఆవకాయ పట్టి, జంతికలు వండి ఇరుగు పొరుగుకు అమ్మే తెలుగు ఇల్లాలు వ్యాపారం పెంచుకొనాలనుకుంటే, తాకట్టు పెట్టడానికి ఇంటి దస్తావేజు ఉండదు. పట్టణం దాటి పోట్కా, పటమదా, చాకులియా వైపు పోతే అక్కడి సంతాల్, హో, భూమిజ్ గ్రామాలలో భూమి ఉన్నది. కాని 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం ఆదివాసీ భూమి బదిలీకి గట్టి హద్దులు విధించినది. మన ఏజెన్సీలో 1/70 చట్టం వలె ఇది ఆదివాసీని భూమి కోల్పోకుండా కాపాడే చట్టం. దీనిని తప్పు పట్టవలసిన పని లేదు. అయితే కాపాడబడిన ఆ భూమి కూడా సాధారణంగా పురుషుని పేరనే ఉంటుంది.

ఈ విషయమే సుప్రీంకోర్టు దాకా పోయినది. మధు కిశ్వర్, బీహార్ రాష్ట్రం మధ్య వ్యాజ్యంలో, ఆ చట్టంలోని వారసత్వ నిబంధనలు స్త్రీలను మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని వాదించారు. హో తెగ స్త్రీలు కూడా అందులో అర్జీదారులు. 1996లో ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం ఆ నిబంధనలను కొట్టివేయలేదు. కాని కుటుంబ పెద్ద చనిపోయిన తరువాత, ఆ భూమి మీదనే ఆధారపడి బ్రతికే స్త్రీలను దాని నుంచి తొలగించరాదని, వారి జీవనాధారం సాగినంత కాలం మగవారసుల ప్రత్యేక హక్కు ఆగి ఉంటుందని చెప్పినది. అనుభవించే హక్కు దక్కినది, పట్టా దక్కలేదు. బ్యాంకు బల్ల ముందు ఈ రెండింటికీ ఎంత దూరమో మనకు తెలుసు.

కనుక క్వార్టరులోని తెలుగు ఇల్లాలు, అడవి అంచున ఉన్న హో మహిళ, ఇద్దరూ ఒకే స్థితిలో ఉన్నారు. ఇద్దరికీ పని వచ్చు, ఇద్దరి చేతిలోనూ హామీ పత్రం లేదు. ఇట్టి మహిళకు పత్రానికి బదులు ఏది నిలబడుతుందన్నదే ఈ పాఠం యొక్క విషయము.

సంఘం ముందు, పరిశ్రమ తరువాత

జంషెడ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న సరాయికేలా-ఖర్సవాన్ జిల్లాలో చామీ ముర్మూ అనే సంతాల్ మహిళ 'సహయోగీ మహిళ' అనే సంస్థ ద్వారా దశాబ్దాలుగా పని చేస్తున్నారు. దాదాపు 3 వేల మంది మహిళలతో కలిసి 30 లక్షలకు పైగా మొక్కలు నాటించినందుకు, 30 వేల మంది మహిళలను స్వయం సహాయక బృందాలలోకి తెచ్చినందుకు 2024లో ఆమెకు పద్మశ్రీ లభించినది. వార్తాపత్రికలు చెట్ల సంఖ్య గురించే ఎక్కువగా వ్రాసినవి. గ్రామీణ ఋణం దృష్టితో చూసేవారికి రెండవ సంఖ్య ముఖ్యము. చెట్టు నాటడానికి కలిసిన చేతులే పొదుపు పెట్టెకు కలిశాయి.

మన తెలుగు నేల మీద కూడా జరిగినది ఇదే కదా! 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం సాగినది. దూబగుంట పేరు దేశమంతా వినబడినది. ఆ కలిసికట్టుతనం నుంచే 'పొదుపు లక్ష్మి' సంఘాలు పుట్టినవి. అదే 1992లో నాబార్డు 500 సంఘాల లక్ష్యంతో స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని ఆరంభించినది. హామీ లేని పేదలకు సంఘమే హామీ అన్న సూత్రం అప్పటి నుంచి బ్యాంకింగ్‌లో స్థిరపడినది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ క్రింద సంఘాలకు హామీ లేకుండా ఇచ్చే ఋణ పరిమితిని 2021లో 10 లక్షల నుంచి 20 లక్షల రూపాయలకు పెంచారు.

ఇంతవరకు బాగున్నది. కాని సంఘం ఋణం పది మందికి సమానంగా పంచుకొనే ఋణం. పది మందిలో ఒకరికి వ్యాపార దృష్టి ఉన్నది, ఆమెకు మూడు లక్షలు కావాలి. మిగిలిన తొమ్మండుగురు ఆమె కోసం పూచీ పడడానికి జంకుతారు. అది వారి తప్పు కాదు. సంఘం ఇచ్చే రక్షణయే ఈ దశలో ఆమెకు హద్దు అవుతున్నది. మొదట చెప్పిన అగాధం ఇక్కడే ఉన్నది.

ఈ అగాధాన్ని తప్పు మార్గంలో దాటబోయి ఏమి అయినదో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసినది. ఒకే మహిళ సంఘం నుంచి ఒకటి, సూక్ష్మ ఋణ సంస్థల నుంచి మూడు నాలుగు చొప్పున అప్పులు తీసుకొన్నది. ఒక వాయిదా కట్టడానికి మరొక అప్పు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చే దాకా పరిస్థితి పోయినది. అప్పుల సంఖ్య పెరిగినది గాని ఆ అప్పు వెనుక సరుకు లేదు, అమ్మకం లేదు, లెక్క లేదు. వారం వారం వాయిదా మాత్రం ఉన్నది. వసూలు శాతం తొంభై అయిదు దాటినంత మాత్రాన ఋణం ఆరోగ్యంగా ఉన్నదని నమ్మే అలవాటు మన శాఖలలో ఇప్పటికీ పోలేదు.

విస్తరాకు లెక్క

ధాల్‌భూమ్ అడవులలో సాల వృక్షాలు విస్తారము. మన వారు గుగ్గిలం చెట్టు అంటారు. విశాఖ, శ్రీకాకుళం ఏజెన్సీలలో అడ్డాకుతో విస్తళ్ళు కుట్టినట్లే, అక్కడి స్త్రీలు సాలపాకులను వెదురు పుల్లలతో కుట్టి సంతలకు తెస్తారు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు మొదలైనవి దేశమంతటా నిషేధింపబడినవి. ఆకు పళ్ళేనికి మరల గిరాకీ కలిగినది. కుట్టిన ఆకును వేడి అచ్చులో నొక్కే యంత్రం ఉంటే పళ్ళేనికి గట్టిదనం, ఆకృతి వస్తాయి. ధర కూడా మెరుగవుతుంది.

ఒక మహిళ ఇట్టి యంత్రం పెట్టదలచినదని అనుకొందాము. దిగువ అంకెలు లెక్క నేర్చుకొనడానికి ఊహించినవి. మీ ఊరి ధరలు వేసుకొని మరల కట్టి చూడండి.

నెలకు 30,000 పళ్ళేలు. ఒక్కొక్కటి 2 రూపాయలు. అమ్మకం 60,000 రూపాయలు. కుట్టిన ఆకు కొనుగోలు పళ్ళేనికి 80 పైసల చొప్పున 24,000, కరెంటు 3,000, ప్యాకింగు 3,000, రవాణా 4,000, చిరిగినవి, పాడైనవి 2,000. మొత్తం ఖర్చు 36,000. మిగులు 24,000 అని ఆమె సంతోషపడుతుంది. మన దరఖాస్తు ఫారాలలో కూడా లెక్క తరచు ఇక్కడే ఆగిపోతుంది.

యంత్రానికి, షెడ్డుకు తీసుకొన్న 2 లక్షల 40 వేల ఋణానికి నెల వాయిదా సుమారు 5,500 అనుకొందాము. మిగిలినది 18,500. ఇక యంత్రం దగ్గర నిలబడినవారు ఎవరు? ఆమె, ఆమె తోడికోడలు. ఇద్దరూ నెలకు 25 రోజులు పని చేశారు. ఆ పనికి బయటివారిని పెట్టుకొంటే రోజుకు 300 ఇవ్వవలసి వచ్చేది. అంటే 15,000. దానిని కూడా తీసివేయండి. పరిశ్రమకు మిగిలినది 3,500 రూపాయలు మాత్రమే.

ఇంటి ఆడవారి శ్రమకు కూలి కట్టడం ఎందుకు అని కొందరు మేనేజర్లు నవ్వవచ్చు. పరిశ్రమ పెరిగే రోజున మూడవ మనిషిని పెట్టుకొనవలసి వస్తుంది, ఆ మనిషి ఊరికే పని చేయదు. తన కూలి లెక్కలో లేని మహిళ నిర్ణయించిన ధర, కూలివాళ్ళను పెట్టిన మరునాడే నష్టంలో పడుతుంది. చాలా సంస్థలు మొదటి ఏడాది బాగా నడిచి, పెరగబోయి కూలిపోవడానికి కారణం ఇదే.

మరొక సంగతి చూడండి. జంషెడ్‌పూర్ టోకు వ్యాపారి పళ్ళేనికి 10 పైసలు తగ్గించమన్నాడు. పది పైసలే కదా అనిపిస్తుంది. 30,000 పళ్ళేలకు అది 3,000 రూపాయలు. మిగిలిన 3,500లో 500 మాత్రమే నిలుస్తుంది. ఈ లెక్క కాగితం మీద ఉన్న మహిళ ఆ పది పైసల దగ్గర గట్టిగా నిలబడుతుంది. లేనివారు మొహమాటానికి తల ఊపి ఇంటికి వస్తారు.

సరుకుకు పెట్టుబడి, ఓపికకు పెట్టుబడి

యంత్రానికి ఋణం దొరకడం ఈనాడు అంత కష్టం కాదు. 2015లో ప్రారంభమైన ముద్ర పథకం క్రింద శిశు, కిశోర్, తరుణ్ శ్రేణులు కలవు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమంలో గ్రామీణ మహిళలకు 35 శాతం సబ్సిడీ కలదు, స్వంత వాటా 5 శాతం చాలు. ఆహార పదార్థాల చిన్న పరిశ్రమలకు 2020లో వచ్చిన పథకం వేరుగా ఉన్నది. వీటి వివరాలు ఏ శాఖలోనైనా దొరుకుతాయి గనుక విస్తరించను.

కష్టం అంతా నిర్వహణ మూలధనం దగ్గరనే. పాతతరం అధికారులకు నాయక్ కమిటీ పేరు కంఠతా వచ్చు. చిన్న పరిశ్రమకు ఏడాది అమ్మకం అంచనాలో 25 శాతం నిర్వహణ మూలధనంగా కావలసి వస్తుందని, అందులో 20 శాతం బ్యాంకు, 5 శాతం పారిశ్రామికురాలు సమకూర్చుకొనాలని ఆ సూత్రం. మన విస్తరాకు లెక్కకు దానిని అన్వయించండి. ఏడాది అమ్మకం 7,20,000. దానిలో 25 శాతం 1,80,000. బ్యాంకు పరిమితి 1,44,000, ఆమె వాటా 36,000.

ఇది సరిపోతుందా? కొనుగోలుదారు 45 రోజులకు డబ్బు ఇస్తాడనుకొంటే 90,000 బయట నిలిచి ఉంటుంది. సాలవృక్షం ఆకు రాల్చి చిగురించే రోజుల కోసం రెండు నెలల ఆకు నిల్వ పెట్టుకొంటే 48,000. ఒక నెల కూలి, కరెంటు మొదలైన ఖర్చులు 27,000. మొత్తం 1,65,000. సూత్రం సరిపోయినది.

అదే సూత్రాన్ని కుచాయి, ఖర్సవాన్ వైపు టసర్ పట్టు నూలు తీసే స్త్రీల దగ్గరకు తీసుకుపోండి. దేశంలో టసర్ ఉత్పత్తిలో జార్ఖండ్‌దే ప్రథమ స్థానం. మన చెన్నూరు, మహదేవపూర్ ప్రాంతాల వారికి ఈ వృత్తి తెలిసినదే. పూర్వం స్త్రీలు తొడ మీద దారం పేనేవారు, చర్మం ఒరుసుకుపోయేది. ఆ పద్ధతిని మాన్పించడానికే 'బునియాద్' అనే యంత్రం వచ్చినది. యంత్రం వచ్చినది గాని కాయ సంగతి అట్లాగే ఉన్నది. ప్రధానమైన పంట శీతాకాలం ముంగిట చేతికి వస్తుంది. ఏడాది పొడవునా తీయవలసిన నూలుకు కాయ ఆ కొద్ది వారాలలోనే కొనుక్కొనాలి. పైన చెప్పినంత అమ్మకమే ఉండి, అందులో కాయ ఖర్చు 60 శాతం అనుకొన్నా 4,32,000 రూపాయలు ఒకేసారి కావాలి. సూత్రం ప్రకారం ఆమె చేతికి వచ్చేది 1,80,000. మిగతా కాయ వ్యాపారి కొంటాడు. వేసవిలో అదే కాయను ఆమెకు ఎక్కువ ధరకు అమ్ముతాడు, లేదా కాయ తానే ఇచ్చి ఆమెను కూలికి నూలు తీయమంటాడు. యజమానురాలు కూలిమనిషి అయ్యే క్షణం అది. ఏ సర్వేలోనూ అది కనబడదు, ఎందుకంటే ఆమె వాయిదాలు సక్రమంగానే కడుతూ ఉంటుంది.

కనుక శాఖాధికారులు గమనించవలసినది ఏమనగా, పరిమితిని పన్నెండు నెలలకు ఒకే గీతగా గీయరాదు. సీజన్‌కు ఎక్కువ, మిగిలిన నెలలకు తక్కువ అని రెండు అంచెలుగా మంజూరు చేయడానికి బ్యాంకింగ్‌లో ఏ అడ్డంకీ లేదు. చక్కెర మిల్లుకు, పత్తి జిన్నింగు మిల్లుకు మనం చేస్తున్నది అదే. కోటి రూపాయల మిల్లుకు సీజన్ ఉంటుందని ఒప్పుకొని, నాలుగు లక్షల నూలు కేంద్రానికి సీజన్ ఉండదని భావించడం న్యాయం కాదు.

ఇక బాకీల విషయం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల నుంచి సరుకు తీసుకొన్నవారు వ్రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు నిలుపరాదు. నిలిపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. పెద్ద క్యాంటీన్లకు, హోటళ్ళకు సరుకు వేసే మహిళకు ఇది మంచి ఆయుధము. అయితే దీనిని వాడుకొనాలంటే ఉద్యమ్ నమోదు ఉండాలి, సరుకు ఇచ్చిన తేదీతో బిల్లు ఉండాలి. ఒక్క కొనుగోలుదారు మీదనే ఆధారపడినవారు ఈ ఆయుధం తీయలేరు. అతనితో తగవు పడితే మరునాడు సరుకు ఎవరికి వేస్తారు? అందువలన మూడవ, నాలుగవ కొనుగోలుదారును వెదకడం కూడా బాకీల వసూలులో భాగమే. 2020లో జార్ఖండ్ ప్రభుత్వం మహిళా సంఘాల సరుకులకు 'పలాశ్' అనే పేరు పెట్టి అంగళ్ళు తెరిచినది. పలాశమంటే మోదుగ, ఆ రాష్ట్రపు పుష్పం. ప్రభుత్వ ముద్ర మొదటి అమ్మకానికి ఉపకరిస్తుంది. రెండవసారి అదే మనిషి వచ్చి కొనడం మాత్రం సరుకు నాణ్యత వల్లనే జరుగుతుంది.

పత్రానికి బదులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. సూక్ష్మ, చిన్న సంస్థల 10 లక్షల రూపాయల వరకు ఋణాలకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించినది. 2000లో ఏర్పడిన ఋణ హామీ ట్రస్టు బ్యాంకు నష్టభయంలో పెద్ద భాగాన్ని మోస్తుంది. మహిళల సంస్థలకు ఆ భాగం ఇంకా ఎక్కువ. అయినా శాఖలలో "ఇంటి కాగితాలు ఉన్నవా?" అన్న ప్రశ్న ఆగలేదు. చట్టం హామీ అడగవద్దన్నది గాని, అధికారి మనసులోని భయాన్ని తీయలేదు. ఆ భయం తీసే శక్తి ఒక్కటే: ఏడాది పాటు తేదీలతో నడిచిన లెక్క.

కనుక పరిశ్రమ నడిపే సోదరీమణులారా, మొదటి ఋణం చేతికి వచ్చిన రోజునుంచే రెండవ ఋణానికి పత్రం తయారు చేసుకొనడం మొదలుపెట్టండి. పరిశ్రమకు వేరు ఖాతా తెరవండి. అమ్మకం సొమ్ము, అది ఎంత చిన్నదైనా, ముందు ఆ ఖాతాలో పడనీయండి; ఇంటి ఖర్చుకు దాని నుంచి జీతంలా తీసుకొనండి. సెల్‌ఫోనులో వచ్చే చెల్లింపులు భర్త ఖాతాకో, కొడుకు ఖాతాకో పోతున్నవేమో చూసుకొనండి. ఇది చిన్న విషయంగా కనబడుతుంది. ఏడాదికి 7 లక్షలు అమ్మిన మహిళ ఖాతాలో 70 వేలే కనబడితే, ఏ అధికారీ మిగిలిన మాటను నమ్మలేడు. ఉద్యమ్ నమోదు, ఆహార పదార్థమైతే ఆహార భద్రతా నమోదు, కరెంటు మీటరు మీ పేరనే ఉండనీయండి. యంత్రం బిల్లు మీద ఎవరి పేరు ఉన్నదో ఒకసారి తీసి చూడండి.

పేరు ఆమెది, పెత్తనం మరొకరిది అయిన సంస్థలు మహిళా పథకాల క్రింద తక్కువ లేవు. తనిఖీకి పోయిన అధికారి దీనిని కనిపెట్టడానికి కష్టపడనక్కరలేదు. సరుకు ధర ఎవరు నిర్ణయించారు అని ఆమెనే అడగాలి. పక్కనున్న మగవాడు జవాబు చెబితే విషయం తెలిసిపోతుంది.

ఒంటరిగా చేయలేనిది కలిసి చేయవచ్చుననడానికి హైదరాబాదులో మంచి ఉదాహరణ ఉన్నది. 1993లో కె. రమాదేవి గారి నాయకత్వాన మహిళా పారిశ్రామికులు 'అలీప్' అనే సంఘంగా ఏర్పడి, గాజులరామారంలో మహిళల కోసమే పారిశ్రామిక వాడను నెలకొల్పుకొన్నారు. ఇంటి స్థలం, పొలం పేరున లేని మహిళకు పారిశ్రామిక వాడలో తన పేర ఒక ప్లాటు వస్తే, ఆమె జీవితంలో మొదటి దస్తావేజు అదే కావచ్చు. జంషెడ్‌పూర్ పక్కనే ఆదిత్యపూర్‌లో వాహన విడిభాగాల పరిశ్రమలతో నిండిన పెద్ద పారిశ్రామిక ప్రాంతం ఉన్నది. అక్కడ విస్తరాకులకు, టసర్ నూలుకు, పచ్చళ్ళకు పది చిన్న షెడ్లు చాలు, భారీ స్థలం అక్కరలేదు.

రెండవ ఋణం ఎప్పుడు అడగాలని చాలామంది అడుగుతారు. డబ్బు అయిపోయిన రోజున అడగకండి. సీజన్‌కు మూడు నెలల ముందు, చేతిలో ఇంకా కొంత సరుకు ఉండగా, పన్నెండు నెలల ఖాతా కాగితాలు, కొనుగోలుదారుల బిల్లులు, పైన చూపినట్లు మీ కూలితో సహా కట్టిన లెక్క తీసుకొని శాఖకు పొండి. టసర్ వారైతే ఆగస్టులో, ఆవకాయ పట్టేవారైతే జనవరిలో.